రాణి ముఖంతో వచ్చిన కబురు

పిరియస్ రేవులో ఉప్పుచేపలు అమ్మే మికియోన్ నలభయ్యో ఏడు దాటేసరికి పదకొండు మంది రాజుల చావులు, ఆరుగురు రాణుల చావులు, రెండు ఓడ మునకలు, ఒక రథం బోల్తా పడటం కళ్లారా చూసొచ్చి ఏథెన్స్ జనానికి చెప్పి ఉన్నాడు. వాటిలో ఒక్కటీ జరగలేదు. జరిగినట్టు చెప్పడమే అతని పని.

విషాద నాటకానికి నటులు ముగ్గురే. కథలో పదిమంది ఉన్నా సరే, ఆ పదిమందినీ ముగ్గురు మగవాళ్లు ముఖం తొడుగులు మార్చి మార్చి ఆడాలి. మొదటి నటుడికి రాజు వేషం, పెద్ద ఏడుపులు, వస్తేగిస్తే బహుమతి. రెండోవాడికి రాజుతో వాదించేవాళ్ల వేషాలు. ఇక మిగిలిందంతా, అంటే కావలివాళ్లు, దాదులు, ముసలి గొర్రెల కాపర్లు, మూడోవాడి నెత్తిన పడుతుంది. మికియోన్ మూడోవాడు. పైగా జనం కళ్లముందు ఎవరినీ చంపకూడదు కనుక చావులన్నీ కోట తలుపుల వెనకే జరగాలి. ఎవరో ఒకరు బయటికొచ్చి, లోపల ఏమైందో వివరంగా చెప్పాలి. ఆ కబురు మోసేవాడి వేషం ఎప్పుడూ మికియోన్‌దే.

ఆ పని అతనికి గొంతు వల్ల దొరికింది. ఒకప్పుడు యూథియాస్ అనే కవి చేపలు కొనడానికి రేవుకు వచ్చి, ఓడల రద్దీలో దారితప్పి, ఎక్కడినుంచో "నల్లసముద్రం ట్యూనా, ముల్లు తీసింది" అన్న అరుపు విని, ఆ అరుపు వెంటే నడిచి దుకాణం చేరుకున్నాడు. రేవు ఈ చివర అరిస్తే ఆ చివర వినిపించే గొంతు, నాటకాలు ఆడే కొండవాలులో పై వరుసదాకా పోతుందని ఆయనకు అక్కడికక్కడే తట్టింది. యూథియాస్ అప్పటికి ఏడుసార్లు నాటకాల పోటీకి దిగి, అయిదుసార్లు మూడో స్థానం తెచ్చుకున్నవాడు. పోటీకి వచ్చేది ముగ్గురు కవులే కాబట్టి ఆ మూడో స్థానాన్ని ఆయన మూడో స్థానమనే అనేవాడు, ఆఖరిదని అనేవాడు కాదు.

కబుర్లు చెప్పీ చెప్పీ మికియోన్‌కు అది ఇంట్లోనూ అలవాటైపోయింది. ఒకసారి పక్కింటి మేక బావిలో పడింది. ఏమైందో చూసిరమ్మని భార్య లిసిల్లా పంపితే, వెళ్లొచ్చి గుమ్మంలో నిలబడి, సూర్యుడి తొలి కిరణం హిమెట్టోస్ కొండను తాకిన వేళ నుంచి మొదలుపెట్టాడు. మేక ఏ ఒడ్డున మేసిందో, ఏ ఆకుకు మెడ చాచిందో, గాలి ఎటునుంచి వీచిందో చెబుతున్నాడు.

"బతికిందా లేదా, అది చెప్పవయ్యా ముందు," అంది లిసిల్లా.

"అక్కడికే వస్తున్నా."

అతను అక్కడికి వచ్చేలోపు మేకే ఒళ్లంతా తడిసి గుమ్మం ముందునుంచి నడిచి వెళ్లింది.

లిసిల్లా తమ్ముడు దెక్సియోస్ ఓడలు కట్టేచోట వడ్రంగి. అతనిదీ నాటకాల పిచ్చే, కానీ అతను నటుడు కాదు, బృందంలో మనిషి. పదిహేనుమంది కలిసి పాడుతూ ఆడుతూ, రాజుకు బుద్ధులు చెబుతూ, ఏం జరిగినా ఒకపక్కన నిలబడి బాధపడే బృందం. గడ్డం, కాయలు కాసిన చేతులు ఉన్న దెక్సియోస్ ఇప్పటిదాకా ఊరి పెద్దగా మూడుసార్లు, చెరపట్టిన ఆడపిల్లగా రెండుసార్లు, సముద్రకన్యగా ఒకసారి ఆడాడు. సముద్రకన్యగా ఉన్నప్పుడు అతని నడక చాలా బాగుందని అందరూ ఒప్పుకున్నారు. ఈసారి బృందమంతా ఊరి పెద్దలే, అతన్ని దానికి నాయకుణ్ణి చేశారు.

ఆ శీతాకాలమంతా కల్లిప్పోస్ అనే ధనికుడి ఇంటి వసారాలో సాధన జరిగింది. బృందం ఖర్చు భరించడం ఆయన వంతు. వచ్చే ఎన్నికల్లో సేనాపతి కావాలని ఆయనకు కోరిక ఉంది, అందుకని బృందానికి పిండిరొట్టెలతో పాటు మలుగుపాము చేపలు కూడా వడ్డించేవాడు. నటుల తిండి ఆయన లెక్కలోది కాదు. అయినా మికియోన్‌కు సరిగ్గా భోజనాల వేళకే బావమరిదితో ఏదో ముఖ్యమైన పని పడేది.

కొత్త నాటకం కథ ఇది. ఒక ద్వీపపు రాజు సముద్రదేవుడు పొసైడన్ గుడి కంచు తలుపులు ఊడబీకి, కరిగించి, తనకు కవచం చేయించుకుంటాడు. గుడ్డి జ్యోతిష్కుడు వద్దన్నా వినడు. బృందం వద్దన్నా వినడు. వింటే నాటకం ఉండదు. సముద్రం అలిగి అతని ఒక్కగానొక్క కొడుకును ఓడతో సహా మింగుతుంది. ఆ మాట విన్న రాణి కోటలోకి వెళ్లి, వెనకవైపు కొండకొమ్ము మీదనుంచి దూకుతుంది. కోట పనివాడు వచ్చి ఆ చావు కబురు చెబుతాడు. చివరికి దేవుడు గాల్లో దిగి, జరిగినదంతా ఎందుకు జరగాల్సి వచ్చిందో చెప్పి వెళతాడు.

రాజు వేషం ఫైద్రియాస్‌ది. కడియాలు లేకుండా సాధనకైనా రాని మనిషి అతను. మికియోన్‌కు రాణి, ఆమె చావు కబురు తెచ్చే పనివాడు, రెండూ వచ్చాయి. కబురు అరవై పద్యపాదాలు. అది అతనికి నచ్చింది. రాణి దగ్గరే పేచీ వచ్చింది.

"కవిగారూ, కొడుకు మునిగిపోయాడని విన్న తల్లి ఏమీ అనదా?"

"అనదు," అన్నాడు యూథియాస్.

"ఒక్క అయ్యో అన్నా అనదా?"

"అనదు. నడిచి లోపలికి పోతుంది. నీకు నడక వచ్చు కదా?"

మికియోన్ ఇంటికి వచ్చి, కవికి పాదాలు అయిపోయాయని, ఉన్నవన్నీ ఫైద్రియాస్‌కు ధారపోసేశాడని, ఇంత గొంతు పెట్టుకుని తాను బలిపీఠం నుంచి గుమ్మందాకా తొమ్మిది అడుగులు మూగదానిలా నడవాలని చాలాసేపు వాపోయాడు. లిసిల్లా తొట్టిలో చేపలకు ఉప్పు పట్టిస్తోంది. చేతులు ఆపకుండానే అడిగింది.

"మన పాప పోయిన రోజున నేనేమన్నాను?"

మికియోన్ ఆలోచించాడు. ఆ పాపకు పదినెలలు. జ్వరం. అది జరిగి పన్నెండేళ్లు. ఆ రోజు తను అరిచాడు, జుట్టు పీక్కున్నాడు, వీధి వీధంతా వచ్చింది. లిసిల్లా ఏమందో ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. ఆమె ఏమీ అనలేదు. లేచి, పాప మీద దుప్పటి సరిచేసి, లోపలికి వెళ్లి తొట్టిలో చేపలు అటూ ఇటూ తిప్పింది. ఆ రోజు అతనికి అది రాతిగుండె అనిపించింది కూడా.

మర్నాటి సాధనలో తొమ్మిది అడుగులూ నడిచాడు. యూథియాస్ తలెత్తి చూసి, ఏమీ అనకుండా మళ్లీ తలదించుకుని రాసుకున్నాడు. అది ఆయన మెచ్చుకోలు.

వసంతం వచ్చింది. నాటకాల దేవుడు డయోనిసోస్ ఉత్సవాల్లో మూడోరోజు యూథియాస్ వంతు. తెల్లవారకముందే జనం దిండ్లు, ఎండుద్రాక్ష, బాదంపప్పు, ద్రాక్షసారా తిత్తులు చంకన పెట్టుకుని కొండవాలు చెక్కబల్లల మీద కూర్చున్నారు. లిసిల్లా ఆడవాళ్లతోపాటు అందరికన్నా పైన, వెనక వరుసలో ఉంది. కింద మట్టి వలయం, దాని వెనక తలుపులున్న చెక్క గది. ఆ గదే కోట. లోపల మాత్రం అది ముగ్గురు నటులు, దేవుణ్ణి గాల్లోంచి దించడానికి ఒక పైకెత్తే కొయ్య, ఎన్నో కొక్కేలు, వాటికి వేలాడే ముఖాలు ఉన్న ఇరుకు కొట్టం. జిగురు, చెమట కలిసిన వాసన.

నాటకం బాగానే నడిచింది. ఫైద్రియాస్ ఎంత గర్వంగా ఉండాలో అంతకన్నా కొంచెం ఎక్కువే ఉన్నాడు. ఓడ మునిగిన కబురు రెండో నటుడు నావికుడిగా వచ్చి చెప్పాడు. రాణి వింది. బృందం ఆమెకేసి తిరిగింది. వినేవాళ్లంతా, ఇప్పుడు ఏడుపు అందుకుంటుందని బాదంపప్పు పక్కన పెట్టి కూర్చున్నారు.

రాణి ఏమీ అనలేదు. బట్ట చెరగు సరిచేసుకుని, తొమ్మిది అడుగులు నడిచి, లోపలికి వెళ్లిపోయింది.

కొండవాలంతా చప్పుడు ఆగిపోయింది. మికియోన్ జీవితంలో చప్పట్లు విన్నాడు, ఈలలు విన్నాడు, నచ్చనప్పుడు జనం మడమలతో బల్లలు బాదడం విన్నాడు. అన్ని వేలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం ఎప్పుడూ వినలేదు. తలుపు వెనక అతను అలాగే నిలబడిపోయాడు. ఉప్పు తొట్టి ముందు వంగిన ఒక వీపు కళ్లముందు కనబడింది. తొడుగు లోపల కళ్లు తడిసి, ముందున్న కొక్కెం కూడా ఆనలేదు.

బయట బృందం పాట సగమైంది. తొడుగులు అందించే ముసలాయన పైకెత్తే కొయ్య దగ్గర ఉన్నాడు, దేవుణ్ణి దించాల్సిన తాడు ముడిపడింది. మికియోన్‌కు ఉలిక్కిపడ్డట్టయింది. రాణి పొడుగు అంగీ విప్పాడు. పనివాడి పొట్టి చొక్కా తొడిగాడు, నడుం బిగించాడు, కర్ర అందుకున్నాడు. జంట సన్నాయి ఆగింది. తలుపు తోసుకుని బయటికి వచ్చాడు.

ముఖం మార్చలేదు. తొడుక్కున్నవాడికి తన ముఖం కనబడదు కదా, రెండు బొక్కల్లోంచి లోకమే కనబడుతుంది.

ముందు వరుసలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. మధ్యలో ఒకడు నవ్వాడు. దేవుడు ముందే దిగివచ్చేశాడేమో అనుకుని మికియోన్ పైకి చూశాడు. దేవుడు లేడు. అప్పుడు దెక్సియోస్ అడగాల్సిన మాట, "లోపలినుంచి వచ్చే పనివాడా, ఏమిటి కబురు?" అన్నది. అతను అది అడగలేదు. కర్ర ఊతగా రెండడుగులు ముందుకు వేసి, ఊరి పెద్దలాగే, నిదానంగా అన్నాడు:

"బట్టలు పనివాడివి. కర్ర పనివాడిది. ముఖం మా రాణిది. ఎవరివమ్మా నువ్వు?"

నాటకంలో లేని మాట ఇది. మికియోన్ నుదుటి మీద చెయ్యి వేసుకున్నాడు. వేళ్లకు జనపనార జడ తగిలింది. వెనక్కి పోతే నాటకం అక్కడితో సరి. తొడుగు తీస్తే అంతకంటే ఘోరం, డయోనిసోస్ పూజారి ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాడు. అతని దగ్గర ఉన్నది ఆ అరవై పాదాలే.

"రాణి చనిపోయింది," అన్నాడు. "నేను చూశాను."

రేవు గొంతు రాలేదు. భయానికి గొంతు సగమే తెరుచుకుంది. ఆ సగం గొంతుతోనే రాణి కొడుకు పడక దగ్గరికి ఎలా వెళ్లిందో, పరుపు మీద ముడత ఎలా సరిచేసిందో, దాసీలను ఎలా బయటికి పంపిందో, కొండకొమ్ము మీద చెప్పులు విడిచి ఎందుకు పక్కపక్కన పెట్టిందో చెప్పాడు. కబురు మోసేవాడు ఎప్పుడూ చెప్పే మాటలే. కానీ చెబుతున్నది చచ్చిపోయిన మనిషి ముఖం. తన చావు గురించి తానే, ఎవరో పరాయిదాని గురించి చెప్పినట్టు చెబుతోంది. నవ్వినవాణ్ణి పక్కవాడు మోచేత్తో పొడిచాడు. పైన ఆడవాళ్ల వరుసల్లో ఏడుపులు మొదలై, కిందకి పాకాయి.

కబురు చెప్పినవాడు పక్కదారిన వెళ్లిపోవడం ఆచారం. మికియోన్ ఆ దారికేసి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి, కోట తలుపుల్లోకే వెళ్లాడు. రాణి వెళ్లాల్సిన చోటు అదే కదా అనిపించింది అతనికి.

లోపల యూథియాస్ పెట్టె మీద, పైవస్త్రం నెత్తిమీద కప్పుకుని కూర్చుని ఉన్నాడు. దాన్ని తీసి మికియోన్‌ను చూసిన చూపు మీద ఒక పాదం రాసినా చాలు, బహుమతి ఖాయం. తిట్టడానికి వేళ లేదు. తలుపులు తెరిచి రాణి శవాన్ని చక్రాల బల్ల మీద బయటికి తోయాలి, ఆ శవం గడ్డిబొమ్మ, బొమ్మకు పెట్టాల్సిన ముఖం మికియోన్ మీద ఉంది. కవి స్వయంగా దాన్ని లాగి బొమ్మకు తొడిగాడు. తడితడిగా, కొంచెం పక్కకు ఒరిగి, రాణి బయటికి వెళ్లింది. ఫైద్రియాస్ దాని మీద పడి ఏడ్చాడు. తరవాత ముడిపడిన తాడు మీద దేవుడు దిగి, జనానికి వీపు చూపిస్తూ కొంతసేపు తిరిగి, మొత్తానికి ముందుకు తిరిగి తీర్పు చెప్పాడు. దేవుడి వీపు గురించి ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక పెద్దమనుషులు యూథియాస్ చుట్టూ చేరారు. చచ్చిన రాణి చేతే ఆమె చావు చెప్పించాలని ఎలా తట్టిందయ్యా నీకు అన్నారు. కవి మికియోన్ వైపు చూశాడు. దగ్గాడు.

"చాలాకాలంగా మనసులో ఉన్నదే," అన్నాడు.

మికియోన్ నోరు తెరిచాడు. దెక్సియోస్ అతని పాదం తొక్కాడు.

"ఊరుకో బావా. నిజం చెబితే నువ్వు తొడుగు మరిచిపోయినవాడివి. చెప్పకపోతే రాణివి."

న్యాయనిర్ణేతలు యూథియాస్‌కు రెండో స్థానం ఇచ్చారు. మొదటి నటుడి బహుమతి ఇంకో కవి నాటకంలోని రాజుకు పోయింది. ఫైద్రియాస్ మాత్రం తన ఏడుపు చెడిందంటే దానికి కారణం రాణి తొడుగులోంచి కొట్టిన చేపల వాసనేనని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

ఇంటికి వచ్చేసరికి లిసిల్లా ముందే చేరుకుని చిక్కుడుగింజల పులుసు కాచి ఉంది. మికియోన్ ఎదురుగా కూర్చుని, తెల్లవారినప్పటి నుంచి మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాడు. ఆమె గిన్నె అతని ముందుకు జరిపింది.

"నడక బాగుంది," అంది.

అతను మొదలుపెట్టలేదు. ఇద్దరూ పులుసు తిన్నారు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. ఆ పాప పేరు పన్నెండేళ్లలో మొదటిసారి ఆ పూట వాళ్లింట్లో వినబడింది. ఎవరు ముందు అన్నారో తరవాత ఇద్దరికీ గుర్తులేదు.

మరుసటి ఏడు యూథియాస్ బాగా ఆలోచించి, కావాలనే అలాంటిది ఒకటి రాశాడు. ఈసారి చచ్చిన రాజే తన ముఖంతో, పనివాడి బట్టల్లో వచ్చి తన చావు చెబుతాడు. బృందనాయకుడి ప్రశ్న కూడా ముందే రాసి ఉంది, అందులో మూడు ఉపమానాలు ఉన్నాయి. మికియోన్ సగం గొంతు నెల రోజులు సాధన చేశాడు. రోజు వచ్చింది, రాజు ముఖంతో బయటికి వచ్చాడు. అది వస్తుందని జనానికి ముందే తెలుసు. ఎవరో నాలుకతో టక్కుటక్కుమన్నారు. మడమలు బల్లలను బాదాయి. ఆలివ్ గింజ ఒకటి వచ్చి రాజు ముక్కుకు తగిలింది. మూడో స్థానం.

"నాకు అర్థం కావడం లేదు," అన్నాడు మికియోన్ ఇంటికి వచ్చి. "అవే అడుగులు. అదే గొంతు."

"పోయినసారి నువ్వు భయపడ్డావు," అంది లిసిల్లా. "భయపడితే నువ్వు తక్కువ మాట్లాడతావు. తక్కువ మాట్లాడితే బాగుంటావు."

కవి నాలుగు నెలలు అతనితో మాట్లాడలేదు. తరవాత ట్యూనా కాలం వచ్చింది, మాట్లాడాడు.

మికియోన్ ఇంకో తొమ్మిదేళ్లు మూడో నటుడిగానే ఉన్నాడు. తరవాత ముందుపళ్లు రెండు ఊడి, మాటల్లో ఈల వినబడటం మొదలైంది. ఈల వేస్తూ రాజుల చావులు చెబితే ఏథెన్స్ ఒప్పుకోదు. అప్పుడు పిరియస్ వాళ్లే శీతాకాలంలో తమ పేటలో జరుపుకునే డయోనిసోస్ పండగకు అతన్ని నేర్పేవాడిగా పెట్టుకున్నారు. తాళ్లు పేనేవాళ్లు పదిహేనుమంది బృందం. చేపలు ఎండబెట్టే పెరడులోనే సాధన. లిసిల్లా రాజును అడ్డం తప్పుకోమని చెప్పి, చేపలు కొనడానికి వచ్చినవాళ్లను లోపలికి పిలిచేది.

పండగ రోజున శవాన్ని తోసే బల్ల చక్రం విరిగింది. వేరే దారిలేక దుకాణం చేపల బండి మీద రాజు శవాన్ని పెట్టి తోశారు. గడ్డిబొమ్మ లేదు, అంత సరంజామా పిరియస్‌కు ఎక్కడిది, తాళ్లు పేనేవాడొకడు స్వయంగా శవమై పడుకున్నాడు. రేవు కుక్క ఒకటి బండి వాసన పట్టి వెంటే వచ్చింది. బృందం రాజు కోసం గుండెలు బాదుకుంటుండగా అది శవం అరికాలు నాకింది. శవం కాసేపు ఓర్చుకుంది. తరవాత కాలు ముడుచుకుంది. మళ్లీ నాకింది. శవం కిసుక్కున నవ్వింది.

పిరియస్ జనం ద్రాక్షసారా ఒలికేదాకా నవ్వారు. బహుమతి పడవవాళ్ల బృందానికి పోయింది. మికియోన్ మూడు రోజులు ఆ శవం వేసినవాడితో మాట్లాడలేదు. నాలుగో రోజు అతనే దుకాణానికి వచ్చి, తల గోక్కుంటూ, వచ్చే ఏడు చచ్చే వేషం కాకుండా నిలబడే వేషం ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగాడు. మికియోన్ అతన్ని కిందినుంచి పైదాకా చూసి, కావలివాడి వేషం ఒకటి ఉందని, అయితే దానికి బూట్లు వేసుకోవాలని చెప్పాడు.